పెదవులు కలిసే అక్షరాలు

నవంబరు 3, 1936. మంగళవారం

నాలుగు రోజులుగా ముసురు. ట్రైనింగు స్కూలు ముందు చీలమండలు మునిగే బురద. పొద్దున మోడల్ స్కూల్లో రెండో తరగతికి లెక్కల పాఠం చెప్పాను. మధ్యాహ్నం గంగన్న చెప్పిన భూగోళ పాఠానికి కూర్చుని పరిశీలన రాశాను. సాయంత్రం రేపటి పాఠానికి నోట్సు రాసుకుని, సుద్దముక్కలు చెమ్మగిల్లకుండా గుడ్డలో చుట్టిపెట్టాను.

అన్నం దగ్గర రాఘవమ్మగారిని "గడియారం ఆగిపోయిందేమిటి పిన్నిగారూ?" అని అడిగాను. ఆవిడ గరిటె పట్టుకునే గోడవైపు చూసింది.

"ఆడుతోందిగా నాయనా. కింద గుండు ఊగటం కనపడటంలా?"

నిజమే. ఊగుతోంది.

"మా బావకి గడియారంతో పనేముంది పిన్నీ? ఆ దివిసీమలో సముద్రపు పోటూ పాటూ చూసుకుని అన్నం తింటారు" అన్నాడు గంగన్న. రాఘవమ్మగారు నవ్వింది. నేనూ నవ్వాను. గంగన్నది గుడివాడ పక్క పల్లె. ఆవిడ ఇంట్లో మా ఇద్దరికీ ఒకటే గది. చుట్టరికం ఏమీ లేదు, మొదటిరోజునుంచీ బావ అంటాడు.

వాన చప్పుడులో గడియారం ఎలా వినపడుతుంది?

నవంబరు 4

వాన వెలిసింది. గడియారానికి నాలుగడుగుల దూరంలోకి వెళ్తే గాని టిక్కు వినపడలేదు. ఆగస్టులో జ్వరానికి మింగిన క్వినైన్ ఇంకా దిగలేదన్నమాట. క్వినైన్‌కు చెవులు గింగురుమనటం అందరికీ తెలిసిందే. దిగితే తగ్గుతుంది.

నవంబరు 9

మాకు బోధన నేర్పే రాధాకృష్ణమూర్తి మాస్టారు ప్రశ్నలు వేసే పద్ధతి చెప్పారు. ముందు ప్రశ్న తరగతి మొత్తానికీ వేయాలి. అందరూ ఆలోచించాక ఒక పేరు పిలవాలి. పేరు ముందు పిలిస్తే మిగతావాళ్ళు నిద్రపోతారు. పిల్ల చెప్పిన జవాబును మాస్టారు తిరిగి చెప్పకూడదు. చెబితే పిల్లలు తోటివాళ్ళ జవాబు వినటం మానేస్తారు.

నేను మొదటి బల్లకు మారాను. చూపు సరిగ్గా ఆనటం లేదని చెప్పాను.

నవంబరు 12

రైతు పనులమీద పాఠం. "రైతు పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాడు?" అని అడిగి ఒక పిల్లవాణ్ణి లేపాను. వాడు చెప్పాడు. "రైతు బడికి వెళ్తాడా?" అన్నాను. తరగతంతా నవ్వింది. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మడికి అన్నానండీ" అని గట్టిగా అరిచాడు. అప్పుడు వినపడింది.

ఇంటికి వచ్చి గంగన్న గడ్డం గీసుకునే అద్దం ముందు పెట్టుకున్నాను. బడి అన్నాను. మడి అన్నాను. పడి అన్నాను. అద్దంలో మూడూ ఒకటే.

ప, ఫ, బ, భ, మ. పెదవులు కలిపి పలికేవి. ఆరేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. కంటికి ఇవన్నీ ఒకటేనని ఇవాళ తెలిసింది.

ఎప్పటినుంచి పెదవులు చూస్తున్నానో తెలియదు.

నవంబరు 13

బజారులో వెనకనుంచి జట్కా మీదికి వచ్చింది. గుర్రం ఊపిరి మెడకు తగిలితే పక్కకు దూకాను. జట్కావాడు తిట్టాడు. ఏమని తిట్టాడో తెలియలేదు.

నవంబరు 15

ఆదివారం. జిల్లా బోర్డు వాళ్ళ కాగితం మళ్ళీ చదువుకున్నాను. జూన్ నాటికి ట్రైనింగు సర్టిఫికెట్ చూపించని మాస్టర్లను తీసేస్తారు. ఆరేళ్ళనుంచి నాది అన్‌ట్రైన్డు ఉద్యోగమే. మాకున్న ఎకరన్నర ఉప్పు తేలి బీడైపోయింది. ఇప్పుడు మాకు మడి లేదు. ఉన్నది బడే. దానికీ నేనొక్కణ్ణే మాస్టర్ని, ముప్పైయొక్కమంది పిల్లలు. నేను ఇక్కడున్నన్నాళ్ళూ అది మూతే.

సర్టిఫికెట్ వచ్చేదాకా ఎవరికీ తెలియకుండా ఉంటే చాలు. ఆలోగా క్వినైన్ ఎలాగూ దిగుతుంది.

నవంబరు 20

ఒక ఉపాయం దొరికింది. ఒకరు జవాబు చెప్పగానే "అతనేమన్నాడో నువ్వు చెప్పు" అని ఇంకొకర్ని లేపుతాను. తర్వాత మూడోవాణ్ణి. మూడు నోళ్ళు చూసేసరికి మాట దొరుకుతుంది.

ఇవాళ అందరి ఎదుటా నా పాఠంమీద విమర్శ జరిగింది. మాస్టారు లేచి, "రత్తయ్యగారు జవాబును తాను తిరిగి చెప్పరు, పిల్లలచేత చెప్పిస్తారు. బోర్డుమీద రాసేటప్పుడు కూడా తరగతికి వీపు చూపరు, పక్కకు నిలబడి రాస్తారు. పిల్లల ముఖంమీదనుంచి చూపు తీయరు. మీరంతా గమనించండి" అన్నారు.

నలభైమందీ నావైపు తిరిగారు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

నవంబరు 27

మూడడుగులు.

డిసెంబరు 2

రాయాలని లేదు. రాస్తున్నాను.

మూడో తరగతికి చరిత్ర పాఠం. నాగేశ్వరరావని ఒక గడుగ్గాయి. ప్రశ్న వేసి వాణ్ణి లేపాను. వాడు "అశోకుడు" అన్నాడు. "భేష్" అన్నాను. ఇంకొకణ్ణి లేపాను. అదే చెప్పాడు. భేష్ అన్నాను. మూడోవాడు చెప్పేసరికి వెనక వరసలో భుజాలు ఎగురుతున్నాయి. ఒక పిల్ల నోటికి పరికిణీ అడ్డం పెట్టుకుంది.

నాలుగోవాడు చెప్పాక అర్థమైంది. వాళ్ళు గొంతు విప్పటంలేదు. వట్టి పెదవులు కదుపుతున్నారు. చప్పుడే లేని మాటలకు నేను భేష్ భేష్ అంటున్నాను.

వెనక గోడ దగ్గర స్టూలుమీద గంగన్న పరిశీలన పుస్తకం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వంచిన తల ఎత్తలేదు.

బెత్తం అందుకోబోయి మానాను. కొడితే ఎందుకు కొట్టానో చెప్పాలి.

డిసెంబరు 3

గంగన్న పుస్తకం బల్లమీద ఉంటే తెరిచి చూశాను. "తరగతి మిక్కిలి నిశ్శబ్దముగా నుండెను. క్రమశిక్షణ బాగున్నది" అని రాశాడు.

వెక్కిరింపా? లేక వాడికి నిజంగా తెలియలేదా? రాసుకుంటూ పిల్లలవైపు చూడలేదేమో. అంతే అయ్యుంటుంది.

డిసెంబరు 8

నాగేశ్వరరావు వీధిలో ఎదురుపడ్డాడు. నమస్కారం పెట్టి ఏదో అన్నాడు. పైకి అన్నాడో, ఉత్తి పెదవులే ఆడించాడో. తల ఊపి వచ్చేశాను. పదేళ్ళ కుర్రాణ్ణి చూసి పక్క సందులోకి తిరిగాను.

డిసెంబరు 14

గంగన్న ఈమధ్య మాట్లాడేటప్పుడు చుట్ట నోట్లోంచి తీస్తున్నాడు. ఇదివరకు పళ్ళమధ్య పెట్టుకునే మాట్లాడేవాడు. ట్రైనింగులో కాస్త మర్యాద నేర్చుకున్నట్టున్నాడు.

డిసెంబరు 18

పెదనాన్నకు చెవుడు ఎన్నో ఏట మొదలైందో అమ్మను అడగమని మా ఆవిడ మాణిక్యమ్మకు ఉత్తరం రాశాను. పోస్టులో వేయబోయి వెనక్కు తెచ్చాను.

డిసెంబరు 19

వేశాను.

సెలవులకు రావటం కుదరదని, నోట్సు పని ఉందని కూడా రాశాను.

జనవరి 4, 1937

మాణిక్యమ్మ జవాబు. మా గేదె ఈనింది. బడి కప్పు ఈశాన్యం మూల కారుతోందిట. పిల్లలు రోజూ వచ్చి అరుగుమీద కూర్చుని మాస్టారెప్పుడొస్తారని అడుగుతున్నారట. చివర: "పెద మావయ్యగారికి ఇరవయ్యారో ఏట మొదలైందని అత్తయ్య చెప్పారు. ఎందుకడిగారు? దసరాకి వచ్చినప్పుడు వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. నామీద కోపమనుకున్నాను."

నాకు ఇరవయ్యేడు. ఆయన క్వినైన్ మింగలేదేమో. అడగాల్సింది అదీ.

జనవరి 5

జట్కాల వీధి మానేసి కాలవగట్టున వెళ్తున్నాను. అటు వెనకనుంచి వచ్చేవేవీ ఉండవు.

జనవరి 22

రెండడుగులు. ఎడమ చెవికి అదీ లేదు.

పలకల పద్ధతి మొదలుపెట్టాను. ప్రశ్న వేయగానే అందరూ జవాబు పలకమీద రాసి పైకెత్తాలి. మాస్టారు చూసి సంతోషించారు. "ఒక్కడు చెబితే ముప్పైమంది తప్పించుకుంటారు. ఇందులో ఎవడూ తప్పించుకోలేడు. ఎక్కడ నేర్చావయ్యా ఇది?" అన్నారు. నా ఎదురుగా నిలబడి నింపాదిగా అన్నారు. ఒక్క మాటా పోలేదు. మాస్టారు ఎప్పుడూ నింపాదిగానే మాట్లాడతారు.

మంచి పద్ధతే కదా. చెవులు బాగున్నవాడికైనా మంచి పద్ధతే.

ఒక్కటే చిక్కు. ఒకటో తరగతికి రాయటం రాదు. వచ్చే నెల నాకు పడింది ఒకటో తరగతే.

ఫిబ్రవరి 4

ఒకటో తరగతికి వాచకం. "ప" అక్షరం. అక్షరం ముందు చెప్పకుండా, పిల్లలకు తెలిసిన మాటలు వాళ్ళచేతే చెప్పించి, అందులోంచి అక్షరం విడదీయాలి. తెలిసినదానినుంచి తెలియనిదానికి. నోట్సు బాగానే రాసుకున్నాను. పలక చూపించాను, కాగితం పడవ చూపించాను.

"ప తో మొదలయ్యే మాటలు ఇంకా చెప్పండి."

పాలు అన్నారు. పప్పు అన్నారు. అన్నీ పెదవులు కలిసే మాటలే అయినా భయం లేకపోయింది. ఏమి వస్తుందో తెలుసు కనక దొరుకుతున్నాయి. పిల్లలు నవ్వుతున్నారు. నాలుగు నెలల్లో ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేను.

వెనక వరసలో గోడవారగా కూర్చునే సరోజిని లేచింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. పాము అంది.

"భేష్! పాము. కూర్చో."

అది నావైపు చూసి మళ్ళీ అదే అంది.

"చెప్పావుగా తల్లీ. కూర్చో. ఇంకొకరు, వేరే మాట."

అది కూర్చుంది. మాస్టారు కూర్చోమంటే కూర్చునే పిల్ల.

పక్కవాడు లేచాడు. పాము అన్నాడు. "అది అయిపోయింది. ప తో వేరే మాట" అన్నాను. ఇద్దరు లేచారు. నలుగురు లేచారు. అందరి పెదవులమీదా అదే మాట. మొదటిసారి తరగతికి ఇంత ఉత్సాహం వచ్చిందనుకున్నాను. "ఒక్కొక్కరే, ఒక్కొక్కరే" అని చెయ్యెత్తాను. ఇంకో మాట గుర్తు చేద్దామని కాగితం పడవ పైకి పట్టుకున్నాను.

తలుపు తోసుకుని గంగన్న పరుగున వచ్చాడు. చేతిలో మ్యాపు వేలాడదీసే కర్ర. నన్ను భుజంతో గెంటి వెనక వరసకు పోయి, సరోజిని చెయ్యి పట్టి లాగి, చాప కొస ఎత్తి రెండు దెబ్బలు వేశాడు.

నీళ్ళు పోయే తూములోంచి వచ్చింది పాము. ఆ పిల్ల కూర్చున్న చాప కిందికి సగం దూరింది.

నీరుకట్టు. విషం లేదు.

నేను పడవ పట్టుకుని అలాగే ఉన్నాను.

ఫిబ్రవరి 5

అందరూ నాదేం తప్పు లేదనే అంటున్నారు. ప తో మాటలడిగితే పాము అన్నారు, ఎవరైనా పొరబడతారు అని రాధాకృష్ణమూర్తి మాస్టారే అన్నారు. హెడ్మాస్టరుగారికీ అలాగే రాసిచ్చారు. తూముకు ఇనపజల్లెడ వేయించమన్నారు. కొందరు అప్పుడే కథగా చెప్పుకుని నవ్వుతున్నారు. "రత్తయ్యా, రేపు పు చెబుతావా? పులొస్తుందేమో చూసుకో" అన్నారు. నేనూ నవ్వాను.

నిజమే. ఎవరైనా పొరబడేవారే.

ఫిబ్రవరి 6

గంగన్నను అడిగాను. "పక్క తరగతిలో ఉన్నావుగదా, నీకెలా తెలిసింది?"

చుట్ట నోట్లోంచి తీశాడు. "మొదటిసారి ఆ పిల్ల అన్నప్పుడే తెలిసింది బావా. పాఠం చెప్పే గొంతా అది? గోడ అవతలున్నా నాకు గుండె ఆగింది. కర్ర దొరకబుచ్చుకునే సరికి ఆలస్యమైంది."

చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని అరుగుమీదికి వెళ్ళాడు.

ఎవరైనా పొరబడేవారు కారు. గంగన్న పొరబడలేదు. భయం గొంతులో ఉంటుంది. పెదవులమీద పాము అంటే పామే, పాఠంలో అన్నా ప్రాణంమీదికి వచ్చి అన్నా. నేను వాళ్ళ ముఖాలు చూడకపోలేదు. ఒక్క క్షణం చూపు తిప్పలేదు. కాని పెదవులే చూశాను. కళ్ళు చూడలేదు.

ఫిబ్రవరి 9

నీరుకట్టు. విషం లేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 13

మా బడి తాటాకు కప్పు. కిందటేడు కోతల్లో కప్పులోంచి కట్లపాము పడింది. పిల్లలు అరిస్తే చింతబరికెతో నేనే చంపాను. అప్పుడు వినపడింది.

మా బడికి పక్క తరగతి లేదు.

ఫిబ్రవరి 14

నీరుకట్టు. విషం లేదు.

ఫిబ్రవరి 20

సరోజిని పాఠానికి వచ్చింది. ముందు వరసలో కూర్చోమన్నాను. వచ్చి కూర్చుంది. చాప ఎత్తి చూసి కూర్చుంది.

మార్చి 10

పరీక్ష పాఠం అయిపోయింది. నాలుగో తరగతి వచ్చింది, పలకలతో నడిపించాను. పరీక్షకు వచ్చిన ఇన్స్పెక్టరుగారికి గుబురు మీసాలు. పెదవి కనపడదు.

పాఠం మధ్యలో పిల్లల కళ్ళు ఒక్కసారి నా వెనక్కు తిరిగాయి. ఫిబ్రవరినుంచి కళ్ళు చూడటం నేర్చుకున్నాను. వెనక్కు తిరిగాను. ఆయన ఏదో అడిగినట్టున్నారు. ఏమిటో తెలియదు. "చిత్తమండీ" అన్నాను. ఆయన తలూపి రాసుకున్నారు. ఏమడిగారో ఇప్పటికీ తెలియదు.

బయటికి వచ్చాక మాస్టారు వేళ్ళతో ఒకటి చూపించారు. మొదటి తరగతి మార్కులు.

ఇక సర్టిఫికెట్ వచ్చినట్టే. నవంబరులో ఇది చాలనుకున్నాను.

మార్చి 11

ఒకడుగు. కుడి చెవికి.

మార్చి 15

స్కూలు వదిలాక రాధాకృష్ణమూర్తి మాస్టారి గదికి వెళ్ళాను. చెప్పేశాను. క్వినైన్ దగ్గర మొదలుపెట్టి పాము దాకా.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నావైపు తిరిగిందాకా మాట్లాడలేదు.

"నవంబరులోనే అనుకున్నానయ్యా. చూపు ఆనటంలేదన్నవాడు బోర్డు చూడాలిగదా? నువ్వు నా మూతి చూసేవాడివి."

"మరి పాముమీద ఎవరైనా పొరబడతారని రాశారేమండీ?"

"నీ పాఠాలు బాగున్నాయి. నిన్ను పోగొట్టుకోబుద్ధి కాలేదు. తప్పే." "మీ బడిలో ఇంకో మాస్టారు ఉన్నారా?"

"లేరండి. నేనొక్కణ్ణే."

ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడిచారు. అప్పుడే తుడిచి ఉంది.

డాక్టరు దగ్గరకు వెళ్తే సంగతి కాగితంమీదికి ఎక్కుతుందని చెప్పారు. ఎక్కాక పెద్ద బడిలోనైనా పని ఇస్తారని చెప్పలేనన్నారు. అడిగి చూస్తానన్నారు. వెళ్తావా అని అడిగారు. వెళ్తానన్నాను. ఇన్నాళ్ళూ తెలుస్తుందేమోనని భయం. ఇప్పుడు తెలిసింది. భయం ఎక్కడికీ పోలేదు.

మార్చి 28

గంగన్నకు ఇంకా ఎక్కడా ఉద్యోగం లేదు. జూన్‌దాకా మా బడి మూతపడి ఉండకుండా నా బదులు వాణ్ణి ఇప్పుడే పంపమని బోర్డుకు రాశాను. మాస్టారు కింద సంతకం పెట్టారు. వాడికి చెబితే ఎగిరి పడ్డాడు.

"నీ కంచంలో అన్నం నేను తినాలా? గుడివాడ పక్కన మాకు ఎడ్లున్నాయి, నాగలుంది. అక్కర్లేదు నాకు."

"నా అన్నం సంగతి కాదు గంగన్నా. ముప్పైయొక్కమంది ఉన్నారు."

"నాకు చుట్ట కాల్చటం ఒకటే బాగా వచ్చు. నీలాగా పాఠం చెప్పలేను."

"గోడ అవతల మాట నీకు వినపడుతుంది. అది చాలు."

ముఖం అటు తిప్పుకుని ఏదో అన్నాడు. మళ్ళీ చెప్పమని అడగలేదు.

ఏప్రిల్ 11. ఆదివారం

బోర్డునుంచి ఉత్తరువు వచ్చింది. మాణిక్యమ్మకు రాశాను, గంగన్నకు మొదటి నెల మన ఇంట్లోనే భోజనమని. ఎందుకో కూడా రాశాను. దసరాకు కోపం లేదని రాశాను.

గంగన్నకు చెప్పవలసినవి చెప్పాను. ఈశాన్యం మూల కప్పు వానలలోపు నేయించాలి. అందాకా ఆ మూల ఎవర్నీ కూర్చోబెట్టవద్దు. పోటు ఎక్కువైన రోజున ఏటి అవతలి పిల్లలు ఆలస్యంగా వస్తారు, తిట్టవద్దు. పలకల పద్ధతి మానవద్దు. దైవాధీనమని ఒకడు ఉన్నాడు, మరీ మెల్లగా మాట్లాడతాడు. ఇక్కడికి వచ్చేముందు ఏడాదిపాటు వాడు ఏమి చెప్పినా భేష్ అంటూ వచ్చాను. వాడికి నిజంగా ఏమి వచ్చో నాకు తెలియదు. మొదట వాణ్ణి అడుగు.

గంగన్న అన్నీ రాసుకున్నాడు.

డాక్టరు నన్ను రేపు రమ్మన్నాడు.

ఏప్రిల్ 12

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రాఘవమ్మగారు గంగన్నకు పెరుగన్నం మూటకట్టి ఇచ్చింది. మ్యాపు కర్ర కూడా పట్టుకెళ్తానంటే హెడ్మాస్టరుగారు సరేనన్నారు. బస్సెక్కాక చుట్ట నోట్లోంచి తీసి, కిటికీలోంచి నావైపు తిరిగి ఒక మాట అన్నాడు. బడి అన్నాడో, మడి అన్నాడో.

గంగన్న ఉదయం ఏడున్నర బస్సుకు చల్లపల్లిమీదుగా మా బడికి వెళ్ళాడు.